స్ట్రక్చరల్ ఇంజనీర్‌గా సంతకం పెట్టే హక్కు: తిరుపతిలో లైసెన్సు తీసుకున్న నా అనుభవం

ఇంజనీరునని చెప్పుకోవడానికి మన దేశంలో ఎవరి అనుమతీ అక్కర్లేదు. లాయరుకు 1961 నాటి అడ్వకేట్స్ చట్టం ఉంది. ఆర్కిటెక్టుకు 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ఉంది. చార్టర్డ్ అకౌంటెంట్లకు 1949 నుంచే చట్టం ఉంది. సివిల్ ఇంజనీరుకు అలాంటిదేమీ లేదు. బీటెక్ పాసైన మర్నాడే ఇంటి ముందు బోర్డు పెట్టుకోవచ్చు. ప్రొఫెషనల్ ఇంజనీర్ల బిల్లు ముసాయిదాను 2025లో సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ అభిప్రాయాల కోసం బయటపెట్టింది. అది చట్టం అయ్యే దాకా, ఇల్లు కట్టే ఇంజనీరును లైసెన్సు అడిగేది ప్లాన్ అప్రూవల్ దగ్గరే. మున్సిపల్ కార్పొరేషన్‌కు గానీ తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడాకు గానీ ప్లాను పెట్టేటప్పుడు, కింద సంతకం చేసే మనిషి లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్ అయి ఉండాలి. తిరుపతిలో అందరూ ఎల్‌టీపీ అంటారు.

ఆ లైసెన్సును నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ విభాగంలో, అంటే కట్టడం బరువు మోసి నిలబడేలా లెక్క వేసేవాళ్ల విభాగంలో తీసుకున్నాను. ఈ పని మొదలుపెట్టినప్పుడు ఎవరిని అడిగినా "ఏముంది, కాగితాలు పెడితే వచ్చేస్తుంది" అన్నారు. కాగితాల సంగతి ఒక వంతు. ఆ సంతకానికి అర్హత తెచ్చుకోవడం అంతకంటే పెద్ద పని. ఈ రెండూ రాస్తాను. చిత్తూరు, తిరుపతి కాలేజీల నుంచి సివిల్ చదివి బయటికొచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుందని నా ఆశ.

మాది చిత్తూరు దగ్గర పల్లె. జేఎన్‌టీయూ అనంతపురం కింద ఉండే కాలేజీలో సివిల్ చేశాను. మా బ్యాచ్‌లో ఆడపిల్లలు ఎక్కువ మంది సాఫ్ట్‌వేర్ వైపు పోయారు, కొందరు సచివాలయం ఉద్యోగాలకు రాశారు. నాకు డిజైన్ ఇష్టం. చెన్నైలో ఒక స్ట్రక్చరల్ కన్సల్టెన్సీలో చేరాను. మొదట కమ్మీల డ్రాయింగులు గీయడం, తర్వాత ఈటాబ్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో మోడల్ చేయడం, ఆ తర్వాత చిన్న బిల్డింగులు సొంతంగా డిజైన్ చేయడం దాకా వచ్చాను. ఇంట్లో అవసరాల వల్ల తిరుపతికి మారాల్సి వచ్చింది. ఇక్కడ ఒక రిటైర్డ్ ప్రభుత్వ ఇంజనీరు గారి ఆఫీసులో చేరాను. ఆయనను సార్ అనే రాస్తాను.

సార్ ఆఫీసులో లెక్కలు నేను వేసేదాన్ని, సార్ చూసి స్టాంపు వేసేవారు. కొంతకాలానికి ఆయనే అన్నారు, "ఎన్నాళ్లమ్మా నా సంతకం చాటున ఉంటావు? రేపు నేను లేకపోతే నీ డిజైనుకు జవాబు ఎవరు చెప్తారు?" అని. అప్పుడు మొదలైంది.

మొదట తేల్చుకోవాల్సింది మనం ఏ విభాగం కిందికి వస్తామన్నది. ఆర్కిటెక్ట్, ఇంజనీర్, స్ట్రక్చరల్ ఇంజనీర్, టౌన్ ప్లానర్, సూపర్‌వైజర్ లేదా సర్వేయర్ అని వేర్వేరుగా ఉంటాయి. ఈ విభజనకు మూలం నేషనల్ బిల్డింగ్ కోడ్. అది 1970లో మొదటిసారి వచ్చింది, తర్వాత 1983, 2005, 2016లో సవరించారు. సార్ బల్ల మీద 2005 ప్రతి ఉండేది, అట్టలు ఊడిపోయి. అందులో ఇంజనీరుకు 500 చదరపు మీటర్ల స్థలం, ఐదు అంతస్తులు లేదా 16 మీటర్ల ఎత్తు దాకా స్ట్రక్చరల్ లెక్కలు కూడా ఇచ్చే అధికారం ఉంది. డిప్లొమా చేసి రెండేళ్లు అనుభవమున్న సూపర్‌వైజరుకు 200 చదరపు మీటర్లు, రెండంతస్తులు లేదా 7.5 మీటర్లు హద్దు. స్ట్రక్చరల్ ఇంజనీరు కావాలంటే సివిల్ డిగ్రీ తర్వాత స్ట్రక్చరల్ పనిలో మూడేళ్లు ఉండాలి. ఎంటెక్ స్ట్రక్చర్స్ చేసినవాళ్లకు రెండేళ్లు చాలు, డాక్టరేట్ ఉంటే ఒక్క ఏడాది. రాష్ట్ర నియమాలు వేరుగా ఉంటాయి కాబట్టి మన రాష్ట్రంలో 2017 నాటి బిల్డింగ్ రూల్స్, వాటి మీద వచ్చిన సవరణలు చూసుకోవాల్సిందే. కానీ ఈ కోడ్‌లో ఆ భాగం ఒకసారి చదివితే మన హద్దు ఎక్కడో అర్థమవుతుంది.

మా పెదనాన్న కొడుకు తిరుపతి ఎస్వీ గవర్నమెంట్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేశాడు. ఏఎంఐఈ రాస్తే డిగ్రీతో సమానం కదా, ఇంజనీరుగా పెట్టుకోవచ్చా అని నన్ను అడిగాడు. ఇది చాలామందికి ఉన్న అనుమానం. ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నడిపే ఆ పరీక్షకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన డిగ్రీ సమాన గుర్తింపు 2013 మే 31 లోగా చేరినవాళ్లకు వర్తిస్తుంది. అన్న ఆ తర్వాత చేరాలనుకున్నవాడు. అందుకని ల్యాటరల్ ఎంట్రీలో బీటెక్ చేయమని చెప్పాను. కుటుంబం ఉన్న మనిషికి ఆ మాట చెప్పడం నాకు బాధగానే అనిపించింది. పనిలో అతనికున్న చూపు చాలామంది డిగ్రీవాళ్లకు లేదు.

చెన్నైలో మా పాత ఆఫీసు బాస్ రిజిస్టరైన స్ట్రక్చరల్ ఇంజనీరు. తమిళనాడులో 2019 నాటి బిల్డింగ్ రూల్స్ ప్రకారం అక్కడి నమోదు అది. మన రాష్ట్రంలో ప్లాను మీద సంతకానికి ఇక్కడి లైసెన్సే కావాలి. నాకు ఆయన దగ్గర్నుంచి కావాల్సింది అనుభవ పత్రం. అదే నన్ను అన్నిటికంటే ఎక్కువ తిప్పింది.

అడగ్గానే ఒక లెటర్ పంపారు. అందులో నా పేరు ముందు ఇనిషియల్ మారిపోయింది. మన టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడులో ఇంటిపేరు వాడకం తక్కువ, నాన్న పేరులో మొదటి అక్షరమే ఇనిషియల్. నేను చేరిన రోజు ఫారంలో నాన్న పేరు చూసి అక్కడి అకౌంట్స్ వాళ్లు దాన్నే ఇనిషియల్‌గా ఎక్కించారు. జీతం స్లిప్పుల్లో, పీఎఫ్‌లో, ఈ లెటర్‌లో అంతా అదే పేరు. డిగ్రీలో ఒక మనిషి, అనుభవంలో ఇంకో మనిషి. సరిహద్దు జిల్లా నుంచి చెన్నైకి పోయి పనిచేసే వాళ్లలో ఈ చిక్కు పడని వాళ్లు తక్కువ. చేరిన మొదటి నెలలోనే పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టు ఉందో లేదో చూసుకోండి. అప్పుడైతే ఒక ఈమెయిల్‌తో పోతుంది.

పేరు సరిచేయించాక రెండో సమస్య బయటపడింది. లెటర్‌లో "డ్రాఫ్టింగ్ విభాగంలో పనిచేశారు" అని ఉంది. నిజమే, మొదట్లో నేను చేసింది అదే. కానీ తర్వాత చేసిన డిజైన్ పని మాటే లేదు. స్ట్రక్చరల్ డిజైన్‌లో ఉన్నట్టు రాయకపోతే ఆ కాలం లెక్కలోకి రాదు. మార్చమంటే "మీరు ఎవరి కింద, ఏ ప్రాజెక్టులో, ఏం చేశారో రుజువు చూపండి" అన్నారు. అడగడంలో న్యాయం ఉంది కానీ జవాబు ఇవ్వడానికి వాళ్లు తీసుకున్న కాలం న్యాయం కాదు. ఫోన్ ఎత్తరు, ఎత్తితే సంబంధిత మనిషి సీట్లో ఉండరు. చివరికి నా పాత ఈమెయిళ్లు, నేను పంపిన లెక్కల పుస్తకాల మొదటి పేజీలు, డ్రాయింగ్ టైటిల్ బ్లాకులో "డిజైన్డ్ బై" దగ్గర నా పొట్టి సంతకం ఉన్న ప్రింట్లు అన్నీ తేదీల వరసలో పెట్టి పంపాను. అప్పుడు ప్రాజెక్టుల జాబితాతో సహా సరైన లెటర్ వచ్చింది. ఆ ప్రింట్లు నేను దాచుకున్నది మొదటి బిల్డింగ్ మీద ఇష్టం కొద్దీ. రుజువుగా పనికొస్తాయని అప్పుడు తెలియదు.

ఇక సార్ దగ్గరి పత్రం. ఆయన వెంటనే ఇచ్చేస్తారనుకున్నాను. "ఇస్తాను, కానీ నా కింద స్ట్రక్చరల్ డిజైన్ నేర్చుకుందని నేను రాసి సంతకం పెడుతున్నా కదా, నాకు నమ్మకం కుదరాలి" అన్నారు. సాయంత్రం పని అయ్యాక కూర్చోబెట్టి అడిగేవారు. కంప్యూటర్ తెరవకూడదు. కాగితం, పెన్ను, క్యాలిక్యులేటర్, అవసరమైతే కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456.

బాల్కనీ స్లాబులో మెయిన్ కమ్మీ పైనెందుకు, కాంక్రీటు వేసేటప్పుడు కూలీలు తొక్కి అది కిందికి దిగిపోతే ఏమవుతుంది. పిల్లరుకు 40 మిల్లీమీటర్ల కవర్ (కమ్మీ మీద కప్పే కాంక్రీటు మందం), ఫుటింగ్‌కు 50 ఎందుకు, స్లాబుకు 20 ఎలా సరిపోతుంది. ఇలాంటివి నాకు తెలిసినవే. కానీ ఒకరోజు ఆయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా పనిలో రోజూ గుర్తొస్తుంది.

2021 నవంబర్‌లో తిరుపతిని వాన ముంచేసింది. స్వర్ణముఖి పొంగింది, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్ల జనం నిద్రపోలేదు. ఆ వరదల తర్వాత శ్రీకృష్ణానగర్‌లో ఒక ఇంట్లో, భూమిలోకి దించిన సిమెంటు రింగుల నీళ్ల ట్యాంకును ఒక మహిళ లోపలికి దిగి కడుగుతుండగా, ఆ ట్యాంకు నిలువునా భూమిలోంచి పైకి లేచింది. ఆమె ఎలాగో బయటపడింది. వీడియోలు దేశమంతా తిరిగాయి. చుట్టుపక్కల జనం భయపడ్డారు, వింత అన్నారు, దండాలు పెట్టినవాళ్లూ ఉన్నారు. సార్ నాతో అన్నది ఒకటే, "ఎందుకు లేచిందో లెక్క వేసి చూపించు. రింగుల ట్యాంకు వద్దు, మన ఆఫీసులో రోజూ గీసే సంపు తీసుకో."

తీసుకున్నాను. బయటి కొలత 2.4 మీటర్లు పొడవు, 2.4 వెడల్పు, 2 మీటర్ల లోతు. గోడలు, అడుగు 150 మిల్లీమీటర్లు, పైన మూత స్లాబు 120. నేల పైదాకా నీరు ఊరిందనుకుంటే, ఆ సంపు తోసేసిన నీరు 11.5 ఘనపు మీటర్లు. అంటే కిందినుంచి 11.5 టన్నుల ఒత్తిడి పైకి. సంపు కాంక్రీటు మొత్తం లెక్కేస్తే 3.9 ఘనపు మీటర్లు, ఘనపు మీటరుకు 2.5 టన్నుల చొప్పున 9.7 టన్నులు. ఖాళీగా ఉంటే బరువు చాలదు, లేస్తుంది. నిండుగా ఉంటే లోపలి నీరే ఇంకో 7.6 టన్నులు, కదలదు. ట్యాంకు లేచింది దాన్ని ఖాళీ చేసి కడిగే సమయంలోనే. మామూలు రోజుల్లో చుట్టూ మట్టి పొడిగా ఉంటుంది కాబట్టి ఎవరికీ ఏమీ కాదు, అందుకే ఎవరూ ఆలోచించరు.

సార్ కాగితం చూసి, "మన సంపులకు ఈ లెక్క ఎన్నిటికి వేశాం?" అని అడిగారు. ఆ ఆఫీసులో సంపు డ్రాయింగు ఒకటే స్టాండర్డుగా ఉండేది, అందరికీ అదే ఇచ్చేవాళ్లం. ఆ రాత్రి కూర్చుని దాన్ని మార్చాం. అడుగు స్లాబును గోడల బయటికి చుట్టూ పొడిగించాం, దాని మీద పడే మట్టి బరువు సంపును పట్టి ఉంచేలా. పైకి తోసే బలానికి 1.2 రెట్లు బరువు ఉండేలా చూశాం. డ్రాయింగు మీద తెలుగులో ఒక మాట రాశాం: "వానాకాలంలో, చుట్టూ నీరు నిలిచినప్పుడు సంపు ఖాళీ చేయరాదు." స్వర్ణముఖి పక్కన, పాత చెరువుల దిగువన ఇల్లు కట్టుకునేవాళ్లకు ఈ మాట నేను నోటితో కూడా చెప్తాను.

ఆ వారంలోనే పత్రం ఇచ్చారు.

దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. టౌన్ ప్లానింగ్ శాఖ పోర్టల్‌లో ఎల్‌టీపీగా రిజిస్టర్ చేసుకుని ఓడీ (ఒరిజినల్ డిగ్రీ), అనుభవ పత్రాలు, ఆధార్, పాన్, ఫోటో, సంతకం అప్‌లోడ్ చేసి ఫీజు కట్టాలి. ఓడీ ఇంకా తీసుకోనివాళ్లు ముందు ఆ పని చూసుకోండి, ప్రొవిజనల్‌తో నెట్టుకురావచ్చని ఊరుకోవద్దు. నాకు షార్ట్‌ఫాల్ పడింది, అంటే కాగితాల్లో లోపం ఉందన్నారు. స్కాన్ చేసిన పత్రంలో సీలు సరిగా కనపడలేదట. మళ్లీ స్కాన్ చేసి పెట్టాను. ఒరిజినల్స్ చూపించాను. స్టేటస్ మారిందా అని పొద్దున, సాయంత్రం ఫోన్ తెరిచి చూడడం, ఆ టెన్షన్ మామూలే. ఈ దశ గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. లంచం అడిగారా అని చాలామంది అడుగుతారు, నన్ను ఎవరూ అడగలేదు. కాగితం సరిగా ఉంటే పని జరిగింది.

లైసెన్సు వచ్చిన సంగతి తెలిసిన వారం లోపే ఫోన్లు మొదలయ్యాయి. ఇంట్లో వాళ్లకు సంతోషం, ఇంత తొందరగా పని వస్తోందని. వచ్చిన పని ఏమిటంటే: "మేడమ్, ప్లాను రెడీగా ఉంది, స్ట్రక్చరల్ డ్రాయింగూ ఉంది, మీరు సంతకం పెడితే చాలు. మీకు ఇవ్వాల్సింది ఇచ్చేస్తాం."

ఇక్కడ మన వ్యవస్థ ఎలా నడుస్తుందో చెప్పాలి. ప్లాను పోర్టల్‌లో పెట్టగానే సాఫ్ట్‌వేర్ దాన్ని చదువుతుంది. సెట్‌బ్యాకులు (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు, రోడ్డు వెడల్పు, పార్కింగ్ అన్నీ కొలుస్తుంది. తర్వాత వార్డు ప్లానింగ్ సెక్రటరీ స్థలానికి వచ్చి చూస్తారు, డాక్యుమెంట్లు, ఈసీ (స్థలం మీద లావాదేవీలు చూపే పత్రం) చూస్తారు. ఇవన్నీ ఇల్లు ఎక్కడిదాకా ఉండాలన్న సంగతులు. ఇల్లు నిలబడుతుందా అన్నది వీటిలో దేనిలోనూ లేదు. పిల్లరులో ఎన్ని కమ్మీలు, ఫుటింగ్ ఎంత లోతు, నేల ఎంత బరువు మోస్తుంది, ఇవి చిన్న ఇళ్లకు ఎవరూ తిరిగి లెక్క వేసి చూడరు. స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకం ఉందా లేదా అన్నదే చూస్తారు. నా సంతకం తర్వాత ఇంకో కన్ను లేదు. 2025లో రాష్ట్రంలో సెల్ఫ్ సర్టిఫికేషన్ పద్ధతి తెచ్చాక ఎల్‌టీపీ మాటకు ఇంకా బరువు పెరిగింది. మా సర్టిఫికెట్‌ను నమ్మి అనుమతి ఇస్తారు, తప్పని తేలితే లైసెన్సు పోతుంది.

అలాంటప్పుడు చూడని ఇంటికి, వేయని లెక్కకు సంతకం పెట్టడమంటే, ఆ ఇంట్లో పడుకునే పిల్లలకు అబద్ధం చెప్పడమే. నేను పెట్టను అని మొదటి రోజే నిర్ణయించుకున్నాను. చాలా పనులు పోయాయి. ఒకాయన, మా బంధువుల తరఫు మనిషే, "ఊరంతా చేసే పనే కదా పాపా, నీకొక్కదానికేనా ఈ పట్టింపు" అన్నారు. ఆయనకు నేను చెప్పింది, "పెదనాన్నా, డ్రాయింగు ఇవ్వండి, లెక్క వేసి చూస్తాను. సరిగా ఉంటే పెడతాను, లేకపోతే మార్చి ఇస్తాను. రెండు రోజులు పడుతుంది" అని. ఆయన ఇచ్చారు. మారింది కూడా.

నేను మొదటినుంచి చివరిదాకా చూసిన మొదటి ఇల్లు చెర్లోపల్లి వైపు. 50 అంకణాల స్థలం. మా వైపు అంకణం అంటే 36 చదరపు అడుగులు, కాబట్టి 1800 చదరపు అడుగులు, మీటర్లలో 167. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఇల్లు, పైన రెండు పోర్షన్లు బాడుగకు. ఓనరు రిటైర్డ్ టీచరు, చాలా మర్యాదస్తుడు, ప్రతి రూపాయికీ లెక్క రాసుకునే మనిషి. ఆయనతో మొదటి గొడవ మట్టి పరీక్ష దగ్గర. "పక్కింటికి నాలుగున్నర అడుగులు తవ్వారు, మనమూ అంతే తవ్వుదాం" అన్నారు. తిరుపతిలో ఆ మాట చెల్లదు. కొండ వైపు గులకరాళ్లు, గుండ్రాళ్లు కలిసిన గట్టి నేల తగులుతుంది. ఏటి వైపు ఇసుక, బంక. ఒకప్పుడు కాలువో గుంటో ఉండి పూడ్చిన చోట ఒకే సైటులో ఒక మూల గట్టి, ఇంకో మూల మెత్తన. ఒక పక్క దిగి, ఇంకో పక్క దిగకపోతేనే ఇల్లు చీలేది. ఆయనతో వాదించకుండా జేసీబీతో సైటు రెండు మూలలా గుంతలు తీయించి, ఆయన్నే దిగి చూడమన్నాను. ఒక గుంతలో గులక, ఇంకో దాంట్లో పూడిక మట్టి, అందులో పాత ప్లాస్టిక్ సంచులు. ఆయనే ల్యాబుకు ఫోన్ చేశారు.

రెండో గొడవ పిల్లర్ల దగ్గర. మన ఊళ్లలో ఇళ్లకు తొమ్మిది అంగుళాల పిల్లరు వేయడం అలవాటు. గోడ తొమ్మిది అంగుళాలే కాబట్టి పిల్లరు గోడలో కలిసిపోతుంది, గదిలోకి పొడుచుకు రాదు. భూకంపాలను తట్టుకునే కాంక్రీటు కట్టడాల కోడ్ ఐఎస్ 13920, 2016 సవరణలో పిల్లరు చిన్న వైపు 300 మిల్లీమీటర్లకు తగ్గకూడదని చెప్తుంది. అంటే పన్నెండు అంగుళాలు. తీవ్రత తక్కువగా ఉన్న జోన్లలో ఆ కోడ్ తప్పనిసరి కాదు కదా అని వాదించేవాళ్లున్నారు. నేను ఆ వాదనలోకి పోను. 2022 చివర్లో పలమనేరు, గంగవరం వైపు భూమి కంపించి జనం ఇళ్లలోంచి బయటికి పరిగెత్తిన సంగతి మా జిల్లా వాళ్లందరికీ తెలుసు. పన్నెండు అంగుళాలు వేయడానికి ఆ ఇంటికి పెరిగే ఖర్చు గుమ్మాలకు, టైల్సుకు పెట్టే దాంతో పోలిస్తే చిన్నది.

టీచరు గారి భార్య అసలు సమస్య చెప్పారు. "మూల పిల్లరు మూడు అంగుళాలు లోపలికొస్తే బీరువా గోడకు ఆనదమ్మా." ఆమె చెప్పింది నిజమైన ఇబ్బంది. ఆ మాట పట్టించుకోని ఇంజనీరు డ్రాయింగును సైటులో మేస్త్రీ మార్చేస్తాడు. నేను ప్లాను ముందేసుకుని పిల్లర్లు ఒక్కొక్కటీ తిప్పాను. కొన్ని తలుపు వెనక్కి, కొన్ని అల్మరా పక్కకి, బయటి వరస పిల్లర్లు గోడకు బయటి వైపు పొడుచుకొచ్చేలా. బీరువా చోటు కొలిచి చూపించాను. ఆమె ఒప్పుకున్నారు, తర్వాత ఆయన కూడా ఒప్పుకున్నారు.

మేస్త్రీ పెద్దాయన. పని బాగా తెలిసినవాడు. పిల్లరు కమ్మీల చుట్టూ కట్టే రింగుల కొనలు మాత్రం 90 డిగ్రీలకే వంచేవాడు. 135కు వంచి, కొన పిల్లరు లోపలికి పోయేలా కనీసం 65 మిల్లీమీటర్లు ఉంచమన్నాను. "అమ్మా, ముప్పై ఏండ్లుగా ఇట్లనే కడతా ఉండా, ఏ ఇల్లు పడింది?" అన్నాడు. ఆయన అనుభవాన్ని తక్కువ చేయడం నాకు ఇష్టం లేదు. "ఏ ఇల్లూ పడలేదు మేస్త్రీ, మామూలు రోజుల్లో ఏదీ పడదు. భూమి ఊగినప్పుడు పైన కవర్ పెచ్చు ఊడిపోతుంది. అప్పుడు 90 కొన తెరుచుకుంటుంది, 135 కొన లోపల కాంక్రీటును పట్టుకుని ఉంటుంది" అని రెండు ముక్కల కమ్మీ తీసుకుని ఇటుక చుట్టూ కట్టి చూపించాను. లాగి చూశాడు. మర్నాడు తన కుర్రాళ్లకు ఆయనే చూపిస్తున్నాడు, నేను వెళ్లేసరికి.

స్లాబు వేసింది ఏప్రిల్ ఎండల్లో. పీపీసీ (బూడిద కలిపిన) సిమెంటు, ఎండా వేడి గాలీ ఉన్నప్పుడు ఐఎస్ 456 ప్రకారం 14 రోజులు తడి ఆరకూడదు. ట్యాంకరు నీళ్లు కొని పోయాల్సి వస్తుందని ఓనరుకు ముందే చెప్పి, ఆ ఖర్చు ఎస్టిమేట్‌లోనే రాశాను. ముందు రాస్తే మనుషులు ఒప్పుకుంటారు, మధ్యలో అడిగితేనే కోపం. ప్రతి స్లాబుకూ బలం చూడడానికి 150 మిల్లీమీటర్ల కాంక్రీటు క్యూబులు తీసి 7 రోజులకు, 28 రోజులకు ల్యాబులో పగలగొట్టించాం. ఆ రిపోర్టులు ఆయన లెక్కల పుస్తకంలో అతికించుకున్నారు.

ఆ ఒక్క ఇంటికి నేను పోయినన్నిసార్లు పోతే, సంతకానికి ఇచ్చే డబ్బులో పెట్రోలుకు కూడా మిగలదు. ఇది నిజం, దాచడం వల్ల లాభం లేదు. అందుకే ఇప్పుడు నేను సంతకానికి విడిగా డబ్బు తీసుకోను. డిజైన్, పునాది నుంచి ప్రతి స్లాబుకూ సైటులో చూడడం, చివర స్టెబిలిటీ సర్టిఫికెట్, అన్నీ కలిపి ఒకే ఫీజు. మొదట్లో ఎక్కువ అనిపించి వెళ్లిపోయేవాళ్లు. టీచరు గారి వీధిలోంచే తర్వాత ముగ్గురు వచ్చారు.

చాలామంది తికమకపడే ఇంకో విషయం చార్టర్డ్ ఇంజనీర్. అది ఎల్‌టీపీ లైసెన్సు కాదు. 1920లో మొదలై 1935లో రాయల్ చార్టర్ పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ తన సభ్యులకు ఇచ్చే గుర్తింపు. దాని ప్రధాన కార్యాలయం కోల్‌కతాలో ఉంది. బ్యాంకు వాల్యుయేషన్లు, కొన్ని ప్రభుత్వ సర్టిఫికెట్లు, కంపెనీల యంత్రాల అంచనాల దగ్గర చార్టర్డ్ ఇంజనీర్ సంతకం అడుగుతారు. ఇంటి ప్లాను మీద ఎల్‌టీపీ అడుగుతారు. ఒకటి ఉంటే ఇంకోటి అక్కర్లేదని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. నేను సభ్యత్వానికి పెట్టాను, చార్టర్డ్‌కు కావాల్సిన కాగితాలు సర్దుకుంటున్నాను. ఈసారి అనుభవ పత్రాల కోసం ఎవరి చుట్టూ తిరగనక్కర్లేదు, అన్నీ ఫైలులో ఉన్నాయి.

సార్ ఇప్పుడు ఆఫీసుకు వారంలో రెండు రోజులే వస్తారు. నా దగ్గర రేణిగుంట నుంచి ఒక అమ్మాయి, పాకాల నుంచి ఒక అబ్బాయి పనిచేస్తున్నారు. ఇద్దరికీ ఆరు నెలలకొకసారి నేనే అనుభవ పత్రం రాసి ఇస్తున్నాను. ఏ బిల్డింగు, ఎన్ని అంతస్తులు, ఏ భాగం వాళ్లు డిజైన్ చేశారు, నేను ఏం సరిదిద్దాను, అన్నీ అందులో ఉంటాయి. పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టే రాస్తాను. పత్రం ఇచ్చే ముందు సాయంత్రం కూర్చోబెట్టి, కంప్యూటర్ మూసి, సంపు లెక్క వేయిస్తాను.